దీర్ఘం లేని చారు

ఇక్కడ గడువు ఇరవై ఒక్క రోజులు.
ఆలోపు బిడ్డ పేరేమిటో సర్కారుకి చెప్పేయాలి.
మావాళ్ల లెక్కలో బారసాలా ఇరవై ఒకటో రోజే.
డండీ ఊరికీ మనకీ ఎక్కడో చుట్టరికం ఉందన్నాడు మా ఆయన,
నిద్రలేని కళ్లతో డైపర్ విప్పుతూ.

పెద్దది మాత్రం మంచం కిందనించి రాలేదు.

"ఇళ" అని చెప్పాం మేము.
"ఓ, ఐలా! ఎంత ముద్దుగా ఉందో"
అని రాసుకుంది ఇంటికొచ్చిన నర్సమ్మ.
అంతే.
ఆమని చేతిలో టోస్టు నేల మీద పడింది,
జామ్ రాసిన వైపే.

వాళ్ల క్లాసులో ఐలాలు ఇద్దరు.
ఒక ఐలా పుట్టినరోజుకి అందర్నీ పిలిచి
దీన్ని మరిచిపోయింది.
ఇంకో ఐలా దీని లంచ్ డబ్బా మూత తీసి
ముక్కు మూసుకుంది.
ఇప్పుడు మూడో ఐలా,
దీని గదిలోనే, దీని పాత ఉయ్యాల్లోనే.

"ఐలా కాదే తల్లీ, ఇళ. ఇళ అంటే భూమి."
"మరి భూమి అనే పెట్టొచ్చు కదా?"
నా దగ్గర జవాబు లేదు.
నాకా ళ అంటే ఇష్టం.
నాలుక వెనక్కి మడతపడి
అంగిలిని తాకి విడిపోయే ఆ రెప్పపాటు ఇష్టం.
గడప దాటితే ఈ ఊళ్లో
దానితో ఎవరికీ పనిలేదు.
ఈ సంగతి ఏడేళ్ల పిల్లకి ఎలా చెప్పను?
అదీ, ముందు పళ్లు రెండూ ఊడిన పిల్లకి.

నాలుగో రోజు రాత్రి అన్నం తింటూ
"చారు అని పెడదాం" అంది.
వాళ్ల నాన్న నవ్వాడు.
చారు మంచి పేరే, నిజానికి.
నవ్వకుండా ఉండాల్సింది.
తలుపు వెనకనించి వచ్చింది గొంతు:
"నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇచ్చాను.
మీకేమో నవ్వు."

ఇరవయ్యో రోజు
టే నది మీద పొగమంచు.
వంతెన సగం దాకానే ఉంది.
ఆఫీసులో రిజిస్ట్రారమ్మ కళ్లజోడు సర్దుకుని
మర్యాదగా "ఐలా?" అంది.
నేను నోరు తెరిచేలోపు,
కోటు జిప్పు నములుతున్న ఆమని
"కాదు" అంది.
అచ్చం ఈ ఊరి యాసలో,
"నాలుక మడవాలి. వెనక్కి. ఇదుగో."
పళ్లు లేని సందుతో సహా
నోరంతా తెరిచి చూపించింది.
ఆవిడ ప్రయత్నించింది.
ఇల. ఇర. ఇడ.
"మళ్లీ."
వెనక కుర్చీల్లో పసిగుడ్డుతో కూర్చున్న జంట కూడా
ఎందుకో తెలీకుండానే
నాలుకలు మడిచి గొణుక్కున్నారు.
ఐదోసారికి వచ్చింది,
కొంచెం బొంగురు ళ.
"అదీ" అంది మా టీచరు.

బయట మెట్ల మీద చెయ్యి పట్టుకోబోతే విదిలించింది.
"ఆ పేరు నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.
తప్పుగా పిలిస్తే ఇంకా ఇష్టం లేదు."

మర్నాడు పళ్లెంలో బియ్యం పోసి
ఉంగరంతో రాశాడాయన: ఇళ.
మేమంతా ఫొటో గొడవలో ఉన్నాం.
తిరిగి చూస్తే
పళ్లెం అంచున వంకర వేలిరాత,
ఆదివారాలు నేను దిద్దించిన అక్షరాల్లోనే:
చరు.
దీర్ఘం పెట్టడం మరిచింది.

దిద్దలేదు.
ఒక్క గింజా కదలకుండా
రెండు చేతులా మోసుకెళ్లి
పొయ్యి పక్కన పెట్టాను.

మూడో నాటికి ఇంట్లో బియ్యం నిండుకుంది.
రెండు పేర్లూ కలిపి కడిగి ఎసట్లో పోశాను.
చారన్నం రెండుసార్లు పెట్టించుకుంది ఆమని.
ఇంతలో ఉయ్యాల్లోది ఏడుపు లంకించుకుంటే
ఎంగిలి చెయ్యితోనే వెళ్లి
వంగి, ఏదో పేరు పెట్టి పిలిచింది.
ఏ పేరో నాకు వినపడలేదు.
ఏడుపైతే ఆగలేదు.

మళ్లీ పిలిచింది.